చవక ఫుట్‌బాల్ గేమ్ కొన్నారా? రెండు గంటల్లో ఇలా తేల్చుకోండి

నేను పధ్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఆఫీసులో ఎవరైనా "అంతా పనిచేస్తోంది" అంటే ఒక పట్టాన నమ్మను. అలాంటిదాన్ని, మా వాడు అడిగాడు కదా అని ఇరవై డాలర్లు పెట్టి ఒక చిన్న కంపెనీ తీసిన అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్ కొన్నాను. రెండున్నర గంటలు ఆడాక గానీ అది పనికిరాదని తెలియలేదు. అందులో నలభై నిమిషాలు జెర్సీలకు రంగులు వేయడానికే పోయాయి. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో కొన్న గేమ్‌కి డబ్బు వెనక్కి కావాలంటే కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడిన సమయం రెండు గంటల లోపు ఉండాలి. మాది దాటిపోయింది. తప్పు మాదే.

ఆ తర్వాత మరో మూడు కొన్నాం. ఈసారి ఆఫీసులో చేసినట్టే ముందుగా ఒక కాగితం మీద టెస్ట్ కేసులు రాసుకుని కూర్చున్నాను. రెండింటిని వెనక్కి ఇచ్చేశాం, ఒకటి ఉంచుకున్నాం. ఆ కాగితమే ఇక్కడ విప్పి చెబుతున్నాను.

నాకు ఈ ఆట ఎలా తెలుసంటారా? మాది కొత్తగూడెం, అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదే. ఇప్పుడు ఉండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. మా వాడు స్కూల్ బ్యాండ్‌లో ట్రోంబోన్ వాయిస్తాడు, కాబట్టి సీజన్ ఉన్నన్నాళ్లూ శుక్రవారం రాత్రుళ్లు స్టేడియం మెట్ల మీదే. బ్యాండ్ కోసం వెళ్లి ఆట నేర్చుకున్న తల్లిని.

మొదలుపెట్టే ముందు ఒక మాట. స్టీమ్ లెక్కలో మెనూలో గడిపిన సమయం, పాజ్ చేసి వదిలేసిన సమయం కూడా ఆడినట్టే. టీ పెట్టుకోవడానికి లేస్తే గేమ్ మూసేసి లేవండి. ప్లేస్టేషన్ స్టోర్‌లో అయితే డౌన్‌లోడ్ మొదలుపెట్టాక, గేమ్‌లో లోపం ఉంటే తప్ప, మామూలుగా డబ్బు వెనక్కి రాదు. అక్కడ కొనేవాళ్లు వేరేవాళ్లు ఆడిన వీడియోల్లో ఇవే విషయాలు వెతుక్కోవాలి.

పేర్లు లేవని గేమ్‌ని కొట్టిపారేయకండి

చవక గేమ్ తెరవగానే అందరి కంటికీ కొట్టొచ్చినట్టు కనిపించే లోపం ఇదే: డల్లాస్ ఉంటుంది, అక్కడి అసలు జట్టు కౌబాయ్స్ ఉండరు. ఆటగాళ్ల పేర్లన్నీ కల్పితాలు. ఇది ఆ చిన్న కంపెనీ బద్ధకం కాదు. 2004 డిసెంబర్‌లో ఈఏ అనే గేముల సంస్థ, అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌తోనూ, ఆటగాళ్ల సంఘంతోనూ ప్రత్యేక ఒప్పందం చేసుకుంది. అప్పటినుంచి అసలు జట్లతో పూర్తిస్థాయి సిమ్యులేషన్ గేమ్ అంటే ఈఏ తీసే మ్యాడెన్ ఒక్కటే.

ఆ ఒప్పందానికి కొన్ని నెలల ముందే ఈఎస్‌పీఎన్ ఎన్ఎఫ్ఎల్ 2కే5 అనే గేమ్ 19.99 డాలర్లకే వచ్చింది. ఆ దెబ్బకి మ్యాడెన్ కూడా ధరను 29.95కి దించాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ 2కే5ని తలుచుకునేవాళ్లు ఉన్నారు. అది తక్కువ ధరకి అమ్మిన గేమే గానీ తక్కువ డబ్బుతో తీసిన గేమ్ కాదు. నేను చెబుతున్నది రెండో రకం గురించి.

పేర్లు, రంగులు మీరు మార్చుకోగలిగినవి. చాలా గేముల్లో ఎడిటర్ ఉంటుంది, అభిమానులు తయారుచేసి పంచుకునే ఫైళ్లు కూడా దొరుకుతాయి. కాబట్టి మొదటి రెండు గంటల్లో ఎడిటర్ వైపు వెళ్లొద్దు. ఆటగాళ్ల బుర్రను మాత్రం మీరు మార్చలేరు. ఆ రెండు గంటలూ దానికే ఖర్చుపెట్టాలి.

మొదటి పావుగంట: బటన్లు నొక్కకండి

క్వార్టర్ (మ్యాచ్‌లో నాలుగో వంతు) నిడివిని అన్నిటికంటే తక్కువకి పెట్టండి, కష్టం స్థాయిని మధ్యలో ఉంచండి. బాల్ మీ చేతికి వచ్చాక ఏదో ఒక పాస్ ప్లే (బాల్ విసిరే ఎత్తుగడ) ఎంచుకుని, స్నాప్ చేసి, అంటే బాల్‌ని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టి, చేతులు కట్టుకుని చూడండి. బాల్ విసరాల్సిన మీ క్వార్టర్‌బ్యాక్ అలా నిలబడే ఉంటాడు. అసలు ఆటలో అతనికి దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. చవక గేముల్లో రెండే జరుగుతాయి. ఒకటి, సెకను తిరిగేలోపు ముగ్గురు వచ్చి మీద పడతారు. రెండోది, పది సెకన్లయినా ఒక్కడూ రాడు. మేం మొదట కొన్నదాంట్లో మా వాడు స్నాప్ చేసి, లేచెళ్లి ఫ్రిజ్‌లోంచి నీళ్లు తాగి వచ్చాడు. క్వార్టర్‌బ్యాక్ అక్కడే ఉన్నాడు.

రెండోసారి చేసినప్పుడు బాల్‌ని వదిలేసి అతన్ని కాపాడటానికి ముందున్న అయిదుగురు లైన్‌మెన్‌ని చూడండి. ఇద్దరు కలిసి ఒకణ్ణి పట్టుకుని, పక్కనుంచి దూసుకుపోతున్నవాణ్ణి చూస్తూ కూడా కదలకపోతే అది పెద్ద లోపం. ఒకసారి జరిగితే క్షమించండి, అసలు ఆటలోనూ తడబడతారు. అయిదు స్నాపుల్లో మూడుసార్లు జరిగితే రాసిపెట్టుకోండి.

ఈ లోపం ఎందుకొస్తుందో చెప్పాలి. 1988లో వచ్చిన మొదటి మ్యాడెన్ గేమ్ తయారయ్యేటప్పుడు, అప్పటి కంప్యూటర్లు మోయలేవు కాబట్టి జట్టుకి ఆరేడుగురితో సరిపెడదామని తయారుచేసేవాళ్లు అనుకున్నారు. ఆ గేమ్‌కి పేరిచ్చిన కోచ్ జాన్ మ్యాడెన్ కుదరదన్నాడు, పదకొండు మందీ ఉండాల్సిందే అన్నాడు. అంటే మైదానంలో 22 మంది. ఒక్కొక్కడికీ ఎప్పుడు ఎవర్ని అడ్డుకోవాలో, ఎప్పుడు వదిలేయాలో తెలియాలి. కంప్యూటర్లు పెరిగాయి గానీ, ఆ 22 బుర్రలకీ పని నేర్పించడానికి కావాల్సిన మనుషులు ఇద్దరు ముగ్గురున్న కంపెనీలో దొరకరు.

తెలివైనవాళ్లు దీన్ని వేరేలా దాటేస్తారు. 2020లో వచ్చిన రెట్రో బౌల్‌లో బొమ్మలు పాతకాలం వీడియో గేముల్లో ఉన్నట్టే ఉంటాయి, డిఫెన్స్ ఆడే పనే మనకి ఉండదు, అది దానంతటదే జరిగిపోతుంది. చేయలేనిది చేయలేదు, చేసింది బాగా చేశారు. మా ఆయనకి క్రికెట్ తప్ప వేరే ఆట పట్టదు, ఆయన కూడా ఫోన్‌లో అది ఆడతాడు.

తర్వాత అరగంట: ఒకే ప్లే పదిసార్లు

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష. ప్లేబుక్‌లోంచి, అంటే ఎత్తుగడల జాబితాలోంచి, ఒక పాస్ ప్లే, ఒక రన్ ప్లే (బాల్ పట్టుకుని పరిగెత్తేది) ఎంచుకోండి. రన్‌లో అయితే పక్కకి తిప్పి బయటినుంచి పరిగెత్తేది తీసుకోండి, చవక గేములు సామాన్యంగా అక్కడే దొరికిపోతాయి. ఒక్కోదాన్నీ పదిసార్లు వరసగా ఆడి, ఎన్ని గజాలు వచ్చాయో కాగితం మీద రాయండి. ఎన్ఎఫ్ఎల్‌లో ఒక పరుగుకి సగటున నాలుగు గజాల పైచిలుకు వస్తాయి. మీకు సగటున ఆరు వస్తే సరేలే అనుకోవచ్చు. మాకు ఒక గేమ్‌లో పద్నాలుగు వచ్చింది. పదోసారి కూడా డిఫెన్స్ మొదటిసారి నిలబడ్డట్టే నిలబడింది. అంటే ప్లేబుక్‌లో రెండొందల ప్లేలున్నా మనకి ఒకటే చాలు. వారం తిరక్కుండా ఆ గేమ్ విసుగొస్తుంది. దాన్ని ఆ రాత్రే వెనక్కి ఇచ్చేశాం.

పాస్‌లు వేసేటప్పుడు రీప్లే తప్పకుండా చూడండి. బాల్ వైపు వీపు పెట్టి పరిగెత్తుతున్న డిఫెండర్ ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి దాన్ని అందుకుంటున్నాడా? "అమ్మా, వాడికి వెనకాల కూడా కళ్లున్నాయే" అన్నాడు మా వాడు. ఆ కళ్లు చవక గేముల్లో ఎక్కువమందికే ఉంటాయి. అసలు రీప్లేనే లేకపోతే, చూపించడానికి వాళ్లకే ధైర్యం లేదనుకోండి.

పాదాలు నేల మీద జారుతున్నట్టు కనిపించడం, ట్యాక్లింగ్ (బాల్ ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) ఎప్పుడూ ఒకేలా ఉండటం, కామెంటరీలో అవే నాలుగు వాక్యాలు తిరగడం లాంటివి నేను పట్టించుకోను. కామెంటరీ ఆపేసి పాటలు పెట్టుకోవచ్చు. కానీ ట్యాక్లింగ్ మీకు ముఖ్యమైతే 2010లో వచ్చిన బ్యాక్‌బ్రేకర్ గురించి తెలుసుకోండి. దానికీ అసలు జట్ల పేర్లు వాడే లైసెన్స్ లేదు, కానీ ముందే చేసిపెట్టుకున్న కదలికలు కాకుండా అప్పటికప్పుడు భౌతికశాస్త్రం లెక్కతో పడేవాళ్లు, కాబట్టి పడిన ప్రతిసారీ వేరుగా పడేవాళ్లు.

గడియారం దగ్గర దొరికిపోతారు

కంప్యూటర్ జట్టుకి ఆట గురించి ఎంత తెలుసో నాలుగో క్వార్టర్ చివర్లో తెలుస్తుంది. మీరు కావాలనే ఓడిపోతూ, గడియారాన్ని ఆపే మీ టైమ్‌అవుట్లు మూడూ వాడేసి, రెండు నిమిషాల్లోపు సమయం ఉండగా బాల్‌ని వాళ్లకి ఫస్ట్ డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మొదటిది) అప్పగించండి. గెలుస్తున్న జట్టు ఇక చేయాల్సింది ఒక్కటే, క్వార్టర్‌బ్యాక్ నేలకి మోకాలు ఆనించి ప్లే ముగించి, గడియారాన్ని తిరగనివ్వడం. ఒక్కో ప్లేకి మధ్య 40 సెకన్లు తినొచ్చు, మూడుసార్లు కూర్చుంటే రెండు నిమిషాలు అయిపోతాయి. ఇది స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మే పిల్లాడికి కూడా తెలుసు. మేం వెనక్కి ఇచ్చిన రెండో గేమ్‌లో మాత్రం కంప్యూటర్ ఇరవై గజాల పాస్ వేసింది. బాల్ మా చేతికి వచ్చి, మేమే గెలిచాం. మా వాడు ఎగిరి గంతేశాడు, నేను కాగితం మీద అడ్డంగా గీత గీశాను.

దీన్నే తిరగేసి కూడా చూడండి. వాళ్లు నాలుగు పాయింట్లు వెనక ఉన్నారు, నిమిషం కూడా లేదు, ఫోర్త్ డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం. బాల్‌ని తన్ని స్తంభాల మధ్యనుంచి పంపే ఫీల్డ్ గోల్ కొడితే వచ్చేది మూడే, ఓడినట్టే. అయినా కొడుతున్నారంటే ఆ గేమ్‌కి స్కోర్‌బోర్డ్ చదవడం రాదు.

రూల్స్‌కి పది నిమిషాలు చాలు. క్వార్టర్‌బ్యాక్‌ని ప్లే మొదలైన గీత దాటించి ముందుకి పాస్ వేయించండి, తప్పని చూపే జెండా పడాలి. పక్క గీత దగ్గర పడిపోండి, తర్వాతి ప్లే మైదానం నడిమధ్యలో కాకుండా అటువైపు హ్యాష్ మార్క్ (మైదానం పొడవునా ఉండే చిన్న గీతల వరస) మీద మొదలవ్వాలి. ఎన్ఎఫ్ఎల్‌లో రెండు హ్యాష్‌ల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలు, కాలేజీ ఆటలో 40 అడుగులు. కాలేజీ అని చెప్పుకునే గేమ్‌లో అవి ఇరుకుగా ఉంటే ఎవరూ సరిచూడలేదని అర్థం. చివరగా, మైదానంలో మీ వైపు చివరనుండే ఎండ్ జోన్‌లోకి మీరే వెనక్కి పరిగెత్తి పడిపోండి. దాన్ని సేఫ్టీ అంటారు, అవతలివాళ్లకి రెండు పాయింట్లు. ఆ తర్వాత పాయింట్లు పోగొట్టుకున్నవాళ్లే 20 గజాల గీత నుంచి బాల్‌ని తన్ని అవతలివాళ్లకి ఇవ్వాలి. ఈ రెండో సగాన్ని మర్చిపోయిన గేమ్ ఒకటి చూశాను.

ఆఖరి పదిహేను నిమిషాలు: సీజన్‌ని పరిగెత్తించండి

ఫ్రాంచైజీ మోడ్ (ఒక జట్టుని సీజన్ల తరబడి నడిపేది) ఉంటే, ఒక్క మ్యాచ్ కూడా మీరు ఆడకుండా సీజన్ మొత్తం సిమ్ చేసి, అంటే కంప్యూటర్ చేతే లెక్కకట్టించి, గణాంకాల పట్టిక తెరవండి. రెండు అంకెలు దగ్గర పెట్టుకోండి. 2013లో క్వార్టర్‌బ్యాక్ పేటన్ మ్యానింగ్ ఒక సీజన్‌లో పాస్‌ల మీద 5,477 గజాలు, 55 టచ్‌డౌన్లు సాధించాడు. 1984లో ఎరిక్ డికర్సన్ ఒక సీజన్‌లో బాల్ పట్టుకుని 2,105 గజాలు పరిగెత్తాడు, ఆ రికార్డు నలభై ఏళ్లు చెక్కుచెదరలేదు. మీ పట్టికలో ఎవరో ఒకరు ఆ దగ్గరికి వస్తే సంతోషమే. ఆరుగురు మ్యానింగ్‌లు, నలుగురు డికర్సన్‌లు కనిపిస్తే లోపల లెక్క తప్పింది. సిమ్ చేస్తుండగా గేమ్ ఆగిపోయిందా, సేవ్ చేసి మూసి తెరిస్తే సీజన్ ఉందా లేదా అన్నది కూడా ఇప్పుడే చూసేయండి. ఇరవై వారాలు ఆడాక ఫైల్ పోతే మీ పిల్లలు పెట్టే ఏడుపుకి రీఫండ్ లేదు.

ఇక్కడికి గంటా ముప్పావు అవుతుంది. లైన్‌మెన్, పది ప్లేల పరీక్ష, గడియారం, ఈ మూడింటిలో రెండు తప్పితే వెనక్కి ఇచ్చేయండి. అప్‌డేట్‌లో బాగుచేస్తామన్న మాట నమ్మి నేను ఆగను. బాగుచేశాక మళ్లీ కొనుక్కోవచ్చు, చవకదే కదా.

ఉంచుకుంటే మాత్రం ముందు క్వార్టర్ నిడివి సరిచేయండి. ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌లో ఒక జట్టు ఆడేది సుమారు 60 నుంచి 65 ప్లేలు, మీ మ్యాచ్‌లో అన్ని వచ్చేదాకా నిడివిని పెంచుతూ పోండి. తర్వాత స్లైడర్లు, అంటే ఆట తీరుని కొద్దికొద్దిగా మార్చే సెట్టింగులు. ఒక్కసారి ఒక్కటే కదపండి, ఒక మ్యాచ్ ఆడి అంకెలు చూసుకుని రెండోది కదపండి. అన్నీ ఒకేసారి తిప్పితే ఏది దేనివల్ల మారిందో టెస్టర్‌నైన నాకే అర్థం కాలేదు.

జెర్సీల రంగులు ఆ తర్వాతే. డల్లాస్‌కి వెండి రంగు సరిగ్గా కుదరడానికి మా వాడికి ఒక శనివారం మధ్యాహ్నం మొత్తం పట్టింది.