షాంపూ మార్చే ముందు మాడు చూసుకోండి

మందుల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడే నాలాంటివాళ్లకు తరచూ వినబడే మాట, "ఏదైనా మంచి షాంపూ ఉంటే ఇవ్వండి". దేనికండీ అని అడిగితే "జుట్టుకు" అంటారు. తికమక అక్కడే మొదలవుతుంది. మాడు ప్రాణమున్న చర్మం. బయటికి కనబడే వెంట్రుక ప్రాణం లేని పోగు. షాంపూ ప్రధానంగా మాడు మీది జిడ్డు, చెమట, దుమ్ము వదిలించడానికి పుట్టింది. పోగును నున్నగా ఉంచే పని కండిషనర్‌ది. ఈ తేడా తెలిస్తే, కింద చెప్పే చిక్కుల్లో చాలావాటికి సీసా మార్చాల్సిన అవసరమే రాదు.

భుజాల మీద తెల్లటి పొట్టు రాలుతోంది

వెలుతురులో పాపట తీసి, ఒక తెల్ల చుక్కను రెండు వేళ్లతో లాగి చూడండి. వెంట్రుకను గట్టిగా కరుచుకుని జారకపోతే అది చుండ్రు కాదు, ఈపి, అంటే పేను గుడ్డు. బడికి వెళ్లే పిల్లలకు చుండ్రు షాంపూ కొనిపెట్టి నెల తిప్పే తల్లిదండ్రులు పొరపడేది ఇక్కడే. పేలకు పర్మెత్రిన్ 1 శాతం మందు రాసి, 10 నిమిషాలు ఉంచి కడిగి, పేల దువ్వెనతో దువ్వాలి. ఏడు నుంచి పది రోజులకు మళ్లీ రాయాలి. మొదటిసారి చావని ఈపి ఈలోగా పొదిగి పిల్ల పేలవుతుంది కాబట్టి రెండోసారి తప్పదు. ఇంట్లో అందరి తలలూ అదే రోజు చూడాలి.

చుక్క సులువుగా ఊడి వచ్చి, చిన్నగా, పొడిపొడిగా ఉంటే, పైగా చలికాలంలో కాళ్లూ చేతులూ కూడా తెల్లగా పగులుతుంటే, అది మాడు ఎండిపోవడం. వేడి వేడి నీళ్లు మానేసి, తలస్నానాలు కాస్త తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

పొట్టు పెద్దదిగా, కొంచెం పసుపుగా, జిడ్డుగా ఉండి దురద కూడా పెడుతుంటే అది అసలు చుండ్రు. కారణం మలసీజియా అనే శిలీంధ్రం. అది ప్రతి తలలోనూ ఉంటుంది. మాడు మీది నూనెను తిని బతుకుతూ కొవ్వు ఆమ్లాలను వదులుతుంది. కొందరి చర్మం వాటిని ఓర్చుకోలేక పై పొరను తొందర తొందరగా రాల్చేస్తుంది. అందుకే "శుభ్రంగానే ఉంటాను కదా, నాకెందుకొచ్చింది?" అన్న ప్రశ్నకు అర్థం లేదు.

దీనికి కీటోకొనజోల్ 2 శాతం, జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్‌లలో ఏదో ఒకటి ఉన్న షాంపూలు పనిచేస్తాయి. శాలిసిలిక్ యాసిడ్ పేరుకున్న పొట్టును మెత్తబరిచి వదిలిస్తుంది. "నాలుగు సీసాలు వాడాను, తగ్గలేదు" అని వచ్చేవారిని నేను అడిగేది ఒకటే: తల మీద ఎంతసేపు ఉంచారు? దాదాపు అందరిదీ ఒకే జవాబు, రాసి వెంటనే కడిగేశామని. మందు మాడును తాకకముందే మోరీలోకి పోతోంది. ముందు మామూలు షాంపూతో జిడ్డు వదిలించండి. తర్వాత మందు షాంపూను పాయలు విడదీసి మాడుకు పట్టించి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగండి. వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. తగ్గాక మానేస్తే మళ్లీ వస్తుంది కాబట్టి వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడుతుండాలి.

ఇక నూనె సంగతి. చుండ్రు మీద నూనె పెట్టి రాత్రంతా ఉంచితే పొట్టు తడిసి కనబడదు, అంతే. శిలీంధ్రానికి మాత్రం విందు. పోగుకు కొబ్బరి నూనె మేలే చేస్తుంది, తలస్నానానికి ముందు జుట్టు పొడవునా రాసుకోండి. మాడును మాత్రం వదిలేయండి.

నురగ రావడం లేదు, జుట్టు పీచులా తయారైంది

ఇల్లు మారిన కొత్తలో ఈ ఫిర్యాదు వస్తే నేను షాంపూ జోలికే పోను, నీళ్ల సంగతి అడుగుతాను. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. తాగునీటి భారతీయ ప్రమాణంలో కాఠిన్యానికి, అంటే ఈ లవణాల మోతాదుకు, కోరదగిన పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 600 వరకు అనుమతి. స్నానాల గదిలోకి వచ్చే నీళ్లను అలా కొలిచి చూసేవాళ్లెవరు?

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు ఖాళీ సీసాలు తీసుకుని, ఒకదాంట్లో బోరు నీళ్లు, మరోదాంట్లో ఆర్వో ఫిల్టరు నీళ్లు సగం దాకా పోయండి. స్నానం సబ్బును చాకుతో గీరి, రెండింటిలోనూ సమానంగా వేసి గట్టిగా ఊపండి. ఫిల్టరు నీళ్లలో నురగ పైదాకా లేచి నిలుస్తుంది. బోరు నీళ్లు చాలా గట్టివైతే పైన నురగకు బదులు పెరుగు విరిగినట్టు తెల్లటి తుంపులు తేలతాయి. సబ్బుతో తలస్నానం చేసేవారి జుట్టుకు అంటుకుని జిగటగా మిగిలేది ఆ తుంపులే. షాంపూలో వాడే సోడియం లారెత్ సల్ఫేట్ సబ్బులా అంతగా విరగదు గాని, నురగ తగ్గుతుంది, లవణాలు పోగు మీద పేరుకుంటాయి.

చివరి రెండు చెంబులు ఫిల్టరు నీళ్లతో కడగండి. ఖర్చు లేని చిట్కా ఇదే. పది రోజులకోసారి, పేరుకున్న లవణాలను పట్టి లాగే ఈడీటీఏ ఉన్న షాంపూ వాడితే మంచిది, సీసా వెనక పదార్థాల పట్టీలో ఆ పేరు వెతకండి. తర్వాత కండిషనర్ జుట్టు చివర్లకే.

మన కుంకుడుకాయ బోరు నీళ్లలోనూ నురగనిచ్చేది. దాంట్లోని సాపోనిన్లు సబ్బులా విరగవు. కళ్లలో పడితే వచ్చే మంట మాత్రం ఈ వ్యాసం చదివేవారిలో సగం మందికి గుర్తుండే ఉంటుంది.

పొద్దున తలస్నానం, సాయంత్రానికి జిడ్డు

రాత్రి నూనె బాగా పట్టించి, పొద్దున సల్ఫేట్ లేని మృదువైన షాంపూ ఒక్కసారి రుద్దితే నూనె వదలదు. రంగు వేసిన జుట్టుకు, ఉంగరాల జుట్టుకు అలాంటి షాంపూ సరిపోతుంది, నూనె తలకు కాదు. నూనె ఉన్నప్పుడు మొదటి నురగ పుట్టీ పుట్టకముందే చచ్చిపోతుంది. కడిగి రెండోసారి కొంచెం రాయండి, అప్పుడు నిలబడుతుంది. నూనె పెట్టకున్నా జిడ్డుగానే ఉంటే కండిషనర్ మాడుకు రాస్తున్నారేమో చూసుకోండి.

మోరీ నిండా వెంట్రుకలు

రోజుకు 50 నుంచి 100 వరకు రాలడం మామూలే. వారానికి ఒకసారి తలస్నానం చేసేవారికి ఊడి చిక్కుకుని ఉన్నవన్నీ ఆ రోజే బయటపడతాయి. నేరం షాంపూ మీద పడుతుంది.

రాలిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి కొస చూడండి. తెల్లటి చిన్న బొడిపె ఉంటే అది కుదుళ్ల నుంచి ఊడింది. రెండు, మూడు నెలల కిందట డెంగీయో, టైఫాయిడో, కాన్పో అయిందా? తిండి ఒక్కసారిగా తగ్గించారా? చాలాసార్లు కారణం అదే, కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. ఆగకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఉల్లిపాయ షాంపూలు, బయోటిన్ షాంపూలు నేనూ అమ్ముతాను. కానీ సీసా వెనక పట్టీలో ఉల్లి సారం సుగంధం పక్కన, చిట్టచివర ఉందంటే అది ఏ పాటిదో ఊహించుకోండి. పైగా రెండు నిమిషాల్లో నీళ్లతో పోయేది కదా.

బొడిపె లేకపోతే పోగు మధ్యలో తెగింది. తడి తలను తువ్వాలుతో బాదడం మాని, వెడల్పు పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీయండి.

కొత్త షాంపూ వాడగానే మంట, దద్దుర్లు

దద్దు చెవుల వెనక, మెడ మీద, కనురెప్పల మీద, అంటే నీళ్లు జారిన దారిలో వస్తే షాంపూను అనుమానించాలి. సుగంధాలు, మిథైల్‌ఐసోథయజోలినోన్ అనే నిల్వ పదార్థం, కొందరికి కోకామిడోప్రొపైల్ బీటైన్ అనే నురగ పదార్థం పడవు. అయితే ఈమధ్య తలకు నల్ల రంగు వేశారా అన్నది ముందు గుర్తు చేసుకోండి. అందులోని పీపీడీ అనే రసాయనం మరింత పేరుమోసిన దోషి. రెండూ ఆపి చర్మ వైద్యుడికి చూపించండి. రూపాయి బిళ్లంత మేర జుట్టు నున్నగా ఊడినా, పిల్లల మాడు మీద గుండ్రంగా పొలుసులు కట్టి వెంట్రుకలు విరుగుతున్నా అంతే. మొదటిది పేనుకొరుకు కావచ్చు. రెండోది తామరైతే నోటి ద్వారా మందు వేసుకోవాలి, షాంపూతో పోదు.