జాతికోళ్లలో రంగు నిలబెట్టడం – 4వ పాఠం: దాగిన తెలుపును పట్టుకోవడం

పోయిన పాఠంలో నిగనిగలాడే నల్ల పుంజును, నల్ల పెట్టలను ఏరి వేరే దొడ్లో పెట్టాం. వాటి పిల్లల్లో ఒకటి తెల్ల ఈకలు వేసిందనుకోండి. చాలామంది ఆ పిల్లను తీసేసి, పుంజును మార్చేసి, పీడ వదిలిందనుకుంటారు. వదల్లేదు. ఈ రకం తెలుపు బయటపడాలంటే తండ్రి నుంచి ఒక జీన్, తల్లి నుంచి ఒక జీన్ రావాలి. అంటే తల్లి పెట్టలోనూ అది ఉంది. ఆ జతకు పుట్టిన నల్ల పిల్లల్లోనూ సగటున మూడింట రెండు వంతులు దాన్ని మోస్తాయి. పైకి ఒక్క తెల్ల ఈక కూడా కనిపించదు.

కాబట్టి కంటిని నమ్మకండి, పిల్లలు తీసి చూడండి. అనుమానమున్న పుంజును తెల్ల పెట్టలతో కలపండి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు: వైట్ లెగ్‌హార్న్ పెట్టలు ఈ పనికి రావు. వాటి తెలుపు వేరు, అది పైచేయి తెలుపు. పుంజు ఎలాంటిదైనా పిల్లలు దాదాపు అన్నీ తెల్లగానే వస్తాయి, మీకేమీ తెలియదు. అణిగి ఉండే తెలుపు, అంటే మొదట చెప్పినట్టు తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ జీన్ వస్తేనే బయటపడే తెలుపున్న పెట్టలే కావాలి.

పెట్టలు అంతకుముందు వేరే పుంజుతో ఉంటే, విడదీసి కనీసం మూడు వారాలు ఆగాకే గుడ్లు ఏరండి. పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో అన్నాళ్లు నిలుస్తుంది. ఈ ఓపిక లేకపోతే పరీక్షంతా వృథా.

పుంజులో తెలుపు దాగి ఉంటే ఒక్కో పిల్ల తెల్లగా పుట్టే అవకాశం సగం. ఒక్క తెల్లపిల్ల వచ్చినా తీర్పు వచ్చినట్టే. వరసగా ఏడు పిల్లలూ రంగుగా వస్తే, పుంజు మనల్ని మోసం చేసే అవకాశం 128లో 1. నేనైతే పది దాకా చూస్తాను. నూగు చూసి మాత్రం తేల్చకండి. తెల్లగా ఎదిగే పిల్ల కూడా పొగరంగు నూగుతో పుట్టొచ్చు. రెక్క ఈకలు వచ్చేదాకా ఆగండి.

పెట్టను పరీక్షించాలంటే తెల్ల పుంజుతో ఒంటరిగా ఉంచాలి, లేకపోతే ఏ గుడ్డు ఎవరిదో తెలియదు.

పరీక్ష పిల్లలన్నీ, రంగువి కూడా, తెలుపును మోసేవే. పుట్టిన రోజే కాలికి రింగు వేసి, అసలు మందలో కలవకుండా చూడండి.

వచ్చే పాఠంలో చారల కోళ్లు. చారల జీన్ పుంజుకు రెండు రావచ్చు, పెట్టకు ఒక్కటే. అందుకే ఒకే జత పిల్లల్లో పుంజులు లేతగా, పెట్టలు ముదురుగా కనిపిస్తాయి.