తాగేవాళ్లకు మతిమరుపు వస్తే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మా చినమావయ్యది సోంపేట దగ్గర పల్లె. వయసు 52. పది రోజులుగా మంచం దిగని మనిషి ఓ పొద్దున మా అమ్మతో, "నిన్న అరసవల్లి ఎల్లొచ్చినానప్పా. రథసప్తమి గదా, జనం తోసేసినారు" అన్నాడు. అప్పటికి శ్రావణమాసం. తాగిన మైకంలో అబద్ధాలాడుతున్నాడని అందరం విసుక్కున్నాం. అది అబద్ధం కాదని, జబ్బని మాకు తెలియలేదు. ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉంటే ఇది చదవండి.

నడక తూలుతోంది, చూపు తేడాగా ఉంది, మాట అయోమయంగా ఉంది

తాగకపోయినా ఇలా ఉంటే మొదట అనుమానించాల్సింది బి1 విటమిన్ లోపాన్ని. దాన్నే థయమిన్ అంటారు. ఒంట్లో దీని నిల్వ 30 మిల్లీగ్రాములకు మించదు. తిండి మానేస్తే రెండు మూడు వారాల్లో ఖాళీ అయిపోతుంది. రోజూ తాగేవాడికి దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది. క్వార్టర్ సీసాలో సుమారు 400 క్యాలరీలు ఉంటాయి కాబట్టి ఆకలి చచ్చిపోతుంది. కాస్తోకూస్తో తిన్నా అందులోని బి1ని పేగు సరిగ్గా పీల్చుకోదు, కాలేయం దాచుకోదు. బి1 లేకపోతే మెదడు గ్లూకోజును వాడుకోలేదు. 1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే వర్ణించిన జబ్బు ఇదే. మూడు లక్షణాలూ కలిసి వచ్చేది కొద్దిమందికే, ఒక్కటి కనిపించినా చాలు.

ఏం చేయాలి? ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. 108కి ఫోన్ చేయండి. ఎన్నేళ్లుగా తాగుతున్నాడో, ఎన్నాళ్లుగా సరిగ్గా తినడం లేదో డాక్టరు అడగకముందే చెప్పండి. బి1 మాత్రలు ఈ దశలో సరిపోవు, నరంలోకి ఎక్కించాలి.

మేం తప్పు చేసింది ఇక్కడే. నీరసమని ఊళ్లో ఒకాయన వచ్చి గ్లూకోజు సీసా కట్టి వెళ్లాడు. మర్నాటికి మావయ్య కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది. బి1 లేని ఒంట్లోకి గ్లూకోజు ఒక్కటే ఎక్కితే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోతుంది. షుగర్ పడిపోయిన మనిషికి గ్లూకోజు ఆపమని కాదు, దాంతోపాటే బి1 ఇంజెక్షన్ కూడా పడాలి. "బి1 ఇచ్చారా అండీ?" అని అడగడానికి మొహమాటపడకండి.

పాతవి గుర్తున్నాయి, ఇందాకటివి లేవు, జరగనివి జరిగాయంటున్నాడు

పై దశలో వైద్యం ఆలస్యమైతే వచ్చేది ఇదే, కోర్సకోఫ్ జబ్బు. జ్ఞాపకంలో పడిన ఖాళీని మెదడు తనంతట తానే ఏదో ఒక కథతో పూడుస్తుంది. చెప్పే మనిషి దాన్ని నిజమనే నమ్ముతాడు. అందుకే వాదించకండి, "అబద్ధాలకోరు" అని తిట్టకండి. తాగుడు పూర్తిగా మానేసి, బి1, మంచి తిండి నెలల తరబడి అందితే కొందరు బాగా కోలుకుంటారు, చాలామంది కొంతవరకే కోలుకుంటారు. అల్జీమర్స్‌లా ఏటికేడు దిగజారిపోయేది కాదిది. తాగుడు ఆపితే చాలావరకు అక్కడే ఆగుతుంది.

మానేసిన రెండో మూడో రోజున వణుకు, లేనివి కనబడటం

ఇది మతిమరుపు కాదు. ఏళ్ల అలవాటు ఒక్కసారిగా తెగినప్పుడు ఒళ్లు తిరగబడటం. ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే పని ఎవరూ చేయొద్దు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం.

పడి తలకు దెబ్బ తగిలిన కొన్నాళ్లకు మగతగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, స్కాన్ తీయించాలి. కళ్లు పచ్చబడి పగలంతా నిద్రపోతుంటే కాలేయం చూపించాలి.

ఇంట్లో తిండి

19వ శతాబ్దంలో మన ఉత్తర సర్కారుల్లో, అంటే కోస్తా జిల్లాల్లో, బెరిబెరి బాగా ఉండేది. అదీ ఈ బి1 లోపమే. బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టి, గంజి వార్చి పారబోస్తే బి1 తవుడుతో, గంజితో పోతుంది. ఉప్పుడు బియ్యంలో చాలావరకు నిలుస్తుంది. చోడి (రాగి) అంబలి, ఉలవలు, పెసలు, వేరుశనగ, నువ్వులు రోజూ ఏదో రూపంలో పెట్టండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం పప్పుల విషయం డాక్టరును అడిగాకే తినాలి.

మావయ్య ఇప్పుడు తూలకుండా నడుస్తున్నాడు. తిన్నది మాత్రం గుర్తుండదు. అత్త అంబలి పోశాక పిల్లల పలక మీద "అంబలి, 8 గంటలు" అని రాసి గుమ్మానికి తగిలిస్తుంది. తొమ్మిదింటికి ఆకలంటే కసురుకోదు, పలక చూపిస్తుంది. ఆయన కూడబలుక్కుని చదివి, "తిన్నానే" అంటాడు.