కనురెప్పలకి వెంట్రుకలు అంటించుకున్నాక కళ్లు వాస్తే

పెళ్లిళ్ల సీజన్లో భీమవరం, అమలాపురం పార్లర్లలో కూడా ఐలాష్ ఎక్స్‌టెన్షన్లు (రెప్పలకి జిగురుతో అంటించే కృత్రిమ వెంట్రుకలు) పెట్టించుకుంటున్నారు కదండీ. ఆ జిగురు సయనోయాక్రిలేట్, అంటే ఫెవిక్విక్ జాతిదే. పడనివాళ్లకి అప్పుడే తెలీదు. కొన్ని గంటలకో, మర్నాటికో రెప్పలు దురదపెట్టి ఉబ్బుతాయి. పీక్కోకండి, సొంత వెంట్రుకలు కూడా ఊడొస్తాయి. పార్లర్లోనే రిమూవర్‌తో తీయించుకుని, చల్లటి తడిగుడ్డ వేసుకోండి. ఆముదం, తల్లిపాలు కంట్లో వద్దు (ఇంట్లో పెద్దాళ్లు ఊరుకోరనుకోండి). మందులషాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు అసలే వద్దు. చూపు మసకబారినా, కన్ను నొప్పెట్టినా కంటి డాక్టరు దగ్గరికే. పెదాలు వాచి ఊపిరాడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

పెళ్లికూతురికైతే వారం ముందే రెండు మూడు వెంట్రుకలు అంటించి, 48 గంటలు ఆగి చూడమనండి.