వీధి లైటు వెలగకపోతే ఏం చూడాలి, ఎవరికి ఎలా చెప్పాలి

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో నాది ఎలక్ట్రికల్ షాపు. అంతకుముందు ఒక కాంట్రాక్టరు కింద వీధి లైట్ల పని చేశాను. అందుకని చుట్టుపక్కల ఎక్కడ లైటు ఆరినా నాకే చెబుతారు. చెప్పే మాట మాత్రం ఒక్కటే: "అబ్బయా, మా వీధిలో లైటు ఎలగటంలా." ఏ స్తంభం, ఒక్కటేనా వరసంతానా, ఎప్పటినుంచి అనేది ఉండదు. కార్పొరేషన్‌కి కూడా ఇలాగే చెబితే పని కదలదు. నిచ్చెన బండి వచ్చి, వీధి మొదట్లో వెలుగుతున్న లైట్లు చూసి వెళ్లిపోతుంది.

"ఇప్పుడన్నీ స్మార్ట్ లైట్లు కదన్నా, వాళ్లకే తెలుస్తుంది" అని కొందరి ధీమా. అది సగమే నిజం. 2015 జనవరిలో కేంద్రం వీధి దీపాల జాతీయ పథకం మొదలుపెట్టాక పసుపుపచ్చ సోడియం దీపాలు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి. వాటితోపాటు చాలాచోట్ల స్తంభాలకి కంట్రోల్ బాక్సులు వచ్చాయి. మేం సీసీఎంఎస్ బాక్స్ అంటాం, అంటే వరస లైట్లన్నిటినీ ఒక్కచోట నుంచి నడిపే, కనిపెట్టే పెట్టె. అందులో మీటరు, ఎంసీబీలు (తేడా వస్తే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు), కాంటాక్టరు (లైట్లన్నిటినీ ఒకేసారి వేసి ఆపే పెద్ద స్విచ్), టైమరు, సిమ్ కార్డు వేసిన మోడెమ్ ఉంటాయి. ఆ బాక్స్ తన కింద ఉన్న లైట్లు మొత్తం కలిపి ఎంత కరెంటు లాగుతున్నాయో చూసి ఆఫీసుకి పంపుతుంది. ఒక్కో లైటునీ విడిగా చూడదు.

లెక్క చూడండి. ఒక ఫేజు మీద 20 వాట్ల లైట్లు 30 ఉన్నాయనుకుందాం. మొత్తం 600 వాట్లు, అంటే రెండున్నర ఆంపియర్ల పైచిలుకు. అందులో ఒక లైటు వాటా ఆంపియర్లో పదో వంతు కూడా ఉండదు. సాయంత్రం అందరూ మోటార్లు వేసి వోల్టేజీ పదిహేను పడితేనే అంతకు రెట్టింపు తేడా కనిపిస్తుంది. ఇక మీ ఇంటి ముందు లైటు పోయిన సంగతి ఆ బాక్స్ ఎలా పసిగడుతుంది? వరసంతా పోతే పసిగడుతుంది, ఒక్కటి పోతే మనం చెప్పాల్సిందే. కొన్ని ఊళ్లలో ప్రతి ఫిట్టింగ్ (లైటు డబ్బా) నెత్తినా గుండ్రటి మూతలాంటిది ఉంటుంది. అలాంటివైతే ఏ లైటుకి ఆ లైటే కబురు పంపుకుంటుంది.

కాబట్టి ఫోన్ తీసే ముందు రాత్రి ఏడు తర్వాత వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడవండి. ఒక్క లైటే ఆరితే తప్పు ఆ ఫిట్టింగ్‌లోనో, దాని కనెక్షన్‌లోనో. వరసగా పది ఆరి, ఇళ్లలో కరెంటు ఉంటే బాక్స్‌లో ఎంసీబీ పడిందో, వీధి లైట్ల తీగ తెగిందో అయి ఉంటుంది. ఇళ్లలో కూడా కరెంటు లేకపోతే అది లైట్ల సమస్యే కాదు, కరెంటోళ్ల ఫిర్యాదు నంబరు 1912కి చెప్పండి. కరెంటు కంపెనీ నెల్లూరులో ఎస్పీడీసీఎల్ అయినా ఒంగోలులో సీపీడీసీఎల్ అయినా అదే నంబరు.

ఒక్క లైటే అయితే దాని కింద రెండు నిమిషాలు నిలబడండి. వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతుంటే చాలావరకు డ్రైవర్, అంటే ఎల్‌ఈడీకి సరిపడా కరెంటు ఇచ్చే లోపలి భాగం, పోయినట్టు. సగం చుక్కలు వెలిగి సగం ఆరి ఉంటే ఫిట్టింగ్ మార్చాల్సిందే. గాలి వీచినప్పుడో, లారీ పోయినప్పుడో వెలుగుతుంటే లూజు కనెక్షన్. దీనికి మా పేటలో పిల్లలు కనిపెట్టిన వైద్యం స్తంభాన్ని తన్నడం. వెలుగుతుంది, నిజమే, కానీ ఆ పని చేయనివ్వకండి. లైటు బాగానే ఉన్నా కింద చీకటిగా ఉంటే కొమ్మలు చూడండి. వేప, కానుగ ఒక్క వానాకాలంలోనే ఫిట్టింగ్‌ని మింగేస్తాయి. చీమకుర్తి గ్రానైటు లారీలు తిరిగే ఒంగోలు కర్నూలు రోడ్డులాంటి చోట్ల అద్దం మీద దుమ్ము పేరుకుంటుంది. అక్కడ తుడిస్తే చాలు, కొత్త లైటు అడగనక్కర్లేదు.

పట్టపగలు వెలుగుతున్నాయంటే అది వేరే కథ. బాక్స్‌లోని టైమరు ఊరి అక్షాంశ రేఖాంశాలు, తేదీ చూసుకుని పొద్దుగూకే వేళ లెక్కేస్తుంది. నెల్లూరులో జూన్ చివర దాదాపు 6:40కి, నవంబర్ చివర 5:40 ప్రాంతంలో పొద్దుగూకుతుంది. టైమరులో గడియారం తప్పితే లైట్లు పగలు వెలుగుతాయి, రాత్రి ఆరతాయి. నవంబర్ వానల్లో మధ్యాహ్నం మూడింటికే చీకట్లు కమ్మినా ఈ టైమరుకి మబ్బు సంగతి తెలియదు. అప్పుడు లైట్లు రాలేదని ఫిర్యాదు పెట్టకండి. పల్లెల్లో పగలు వెలుగుతుంటే మాత్రం చాలావరకు థర్డ్ వైరు లేకపోవడమే కారణం. లైట్లకి వేరే తీగ లేక, ఇళ్లకి కరెంటు ఉన్నంతసేపూ అవీ వెలుగుతాయి. దాన్ని పంచాయతీలో తేల్చుకోవాలి.

ఇక చెప్పడం. స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు పగలు ఫోటో తీయండి, లైటు రాత్రి తీయండి. నంబరు చెరిగిపోతే గుడో, దుకాణమో గుర్తు చెప్పండి. నేనైతే ఇలా రాయిస్తాను: "రామాలయం ఎదురు స్తంభం, నంబరు ఫలానా. సోమవారం నుంచి వెలిగి ఆరుతోంది. అటూ ఇటూ లైట్లు బాగున్నాయి." ఆ చివరి మాట చదివితే పనివాడు బాక్స్ దగ్గర టైం వృథా చేయకుండా కొత్త ఫిట్టింగ్ తీసుకుని నేరుగా నిచ్చెనెక్కుతాడు.

పట్నంలో దీన్ని ముందు వార్డు సచివాలయంలో సౌకర్యాల కార్యదర్శికి ఇవ్వండి, పట్నాల ఫిర్యాదులకి ఉన్న పురమిత్ర యాప్‌లో కూడా పెట్టండి. పల్లెలో పంచాయతీ కార్యదర్శికి చెప్పండి. వాళ్లు పట్టించుకోకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేయండి. ఆ తర్వాతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ. ఒక్క లైటు కోసం ముందే అక్కడికి పోతే మళ్లీ ఇదే ఆఫీసుకి పంపుతారు.

ఒక్క విషయంలో మాత్రం ఈ వరస వద్దు. వానలో స్తంభం ముట్టుకుంటే జివ్వుమన్నా, బాక్స్ తలుపు ఊడి తీగలు బయటికి వచ్చినా వెంటనే 1912. అటు పిల్లల్నీ గొడ్లనీ పోనివ్వకుండా ఒక మనిషి దూరంగా కాపలా ఉండాలి. బాక్స్ మీరు తెరవకండి, నాలాంటి ప్రైవేటు ఎలక్ట్రీషియన్‌తో కూడా తెరిపించకండి. ఫ్లెక్సీ కట్టడానికి స్తంభమెక్కే కుర్రాళ్లకి ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

రిపేరు అయ్యాక ఫోన్‌కి "పరిష్కారమైంది" అని మెసేజ్ వస్తుంది. వెంటనే సరే అనకండి. లూజు కనెక్షన్‌ని చేత్తో బిగించి పోతే ఆ రాత్రికి వెలిగి మర్నాడు ఆరుతుంది. రెండు రాత్రులు చూసి, అప్పుడు ఒప్పుకోండి. మళ్లీ ఆరితే పాత ఫిర్యాదు నంబరు వేసి రాయండి.