తెల్లారేసరికి కుంగిపోయే ఎయిర్ సస్పెన్షన్, తగ్గిన మైలేజీ

సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ ఎస్‌యూవీకి ఎయిర్ సస్పెన్షన్ ఉంది, అంటే స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులు బండిని మోస్తాయి. రాత్రి నిలబెడితే తెల్లారేసరికి వెనక ఎడమ పక్క కుంగిపోయేది. స్టార్ట్ చేస్తే వాటికి గాలి కొట్టే కంప్రెసర్ గుర్రుమంటూ చాలాసేపు ఆడితే గానీ లేచేది కాదు. కంప్రెసరే పోయిందన్నారు ఒంగోల్లో. అది పోతే బండి అసలు లేవనే లేవదు గదా!

కావలిలో తెలిసిన మెకానిక్ సర్ఫు నీళ్లు స్ప్రే కొట్టి చూశాడు. ఎయిర్ బెలోస్ (ఆ గాలి సంచి) అడుగున, రబ్బరు మడతపడే చోట సన్నటి బుడగలు వరసగా పొంగాయి. వయసుకీ ఎండకీ రబ్బరు పగుళ్లిచ్చింది. లోపలి గాలంతా వదిలేశాకే దాన్ని విప్పాలి, ఒత్తిడి ఉండగా ముట్టుకుంటే ప్రమాదం. బెలోస్ మార్చి, తెగ ఆడి వేడెక్కిన కంప్రెసర్ రిలే (దానికి కరెంటిచ్చే స్విచ్చు) కూడా కొత్తది వేసి, స్కానర్‌తో, బండి ఎత్తు కొలిచే హైట్ సెన్సర్లు క్యాలిబ్రేట్ చేశాడు, అంటే కొలత సరిచేశాడు.

ఇక మైలేజీ. ఈ బండి హైవే వేగంలో తనంతట తానే కాస్త కిందికి దిగుతుంది, ఎదురుగాలి తాకిడి తగ్గడానికి. సస్పెన్షన్ ఫాల్ట్ లైటు వెలిగినప్పటి నుంచి ఆ పని మానేసింది. ఇప్పుడు నెల్లూరు వెళ్లేటప్పుడు 16వ నంబరు హైవే మీద మళ్లీ దిగుతోంది, లీటరుకు కొంచెం ఎక్కువే వస్తోంది. అంతా దీని పుణ్యమే అననులెండి, టైర్లలో గాలి కూడా అప్పుడే సరిచేయించా. ఒంగోలు టౌన్లో తిరిగితే మాత్రం తేడా ఏమీ లేదు.