నీళ్లు తక్కువైనా పూల తోట – 3వ పాఠం: కాగితపు పువ్వా, గన్నేరా?

పోయిన పాఠంలో గుంత పరీక్ష చేయమన్నాను. చేయనివాళ్ల కోసం మళ్లీ ఒకసారి. మొక్క పెట్టాలనుకున్న చోట అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకిపోయాక రెండోసారి నింపి, గంటలో నీటి మట్టం ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. మొదటిసారి పోసినవి లెక్కలోకి రావు. ఎండిన మట్టి ఎలాంటిదైనా ముందు గబగబా పీల్చేస్తుంది. రెండోసారి గంటకు అంగుళం కూడా దిగలేదంటే అక్కడ నీళ్లు నిలుస్తాయన్నమాట. రెండు మూడు అంగుళాలు దిగితే మంచి చోటు. ఇవాళ్టి పాఠమంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది కాబట్టి దాన్ని దగ్గర పెట్టుకోండి.

ఇవాళ పోల్చి చూసేవి కాగితపు పువ్వు (బోగన్‌విలియా), గన్నేరు. హైవే డివైడర్ల మీద ఎక్కువగా కనిపించే మొక్కలు ఇవే. నర్సరీలో ఏది అడిగినా "దీనికి నీళ్లు పెద్దగా అక్కర్లేదు" అనే చెబుతారు. ఆ మాట రెండింటి విషయంలోనూ నిజమే. అయితే దాన్నొక్కటే నమ్ముకుని కొంటే, ఎండాకాలం దాటిన మొక్క వానాకాలంలో పోయే ప్రమాదం ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఏడాది వాన సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు దాహంతో ఉండే మొక్క ఆ నాలుగు నెలలు తడిలో ఎలా ఉంటుందన్నది కూడా చూడాలి. అందుకే కరువుకు తట్టుకునే మొక్కను ఎంచేటప్పుడు మే నెల ఎండతో పాటు ఆగస్టు ముసురును కూడా గుర్తుపెట్టుకోమంటాను.

ముందు గన్నేరు. ఇక్కడ చెబుతున్నది పొడవైన సన్నటి ఆకులు, గులాబీ రంగు లేదా తెల్లటి పూలు ఉండే గన్నేరు గురించి. కొమ్మ మీద ప్రతి కణుపు దగ్గర మూడేసి ఆకులు కనిపిస్తాయి. పచ్చగన్నేరు, దేవగన్నేరు వేరే మొక్కలు. మధ్యధరా సముద్ర తీరాల నుంచి దక్షిణాసియా దాకా ఇది వాగుల వెంట సహజంగా పెరుగుతుంది. వాగు వస్తే వేళ్లు నీళ్లలో ఉంటాయి, ఎండాకాలం వస్తే చుట్టూ ఇసుకే. రెండింటికీ అలవాటు పడింది కాబట్టే కొన్నాళ్లు నీళ్లు నిలిచినా ఓర్చుకుంటుంది.

ఒక ఆకు కోసి చూడండి (తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఎందుకో కింద చెబుతాను). పైభాగం తోలులా మందంగా, నున్నగా ఉంటుంది. తిప్పి భూతద్దంతో చూస్తే అడుగున సన్నటి గుంటలు కనిపిస్తాయి. ఆకు గాలి పీల్చుకునే రంధ్రాలు ఆ గుంటల లోపల, సన్నటి నూగు మధ్య దాగి ఉంటాయి. వడగాలి నేరుగా వాటికి తగలదు, లోపలి తేమ త్వరగా ఆరిపోదు. అందుకే నడి ఎండాకాలంలో కూడా గన్నేరు ఆకుపచ్చగా ఉంటుంది, పూస్తుంది కూడా.

కాగితపు పువ్వుది దక్షిణ అమెరికా. దీని పద్ధతి పూర్తిగా వేరు. నీళ్లు తగ్గగానే ఆకులు వాలుస్తుంది, ఇంకా తగ్గితే రాల్చేస్తుంది. ఆకే లేకపోతే నీటి ఖర్చూ ఉండదు. చాలామంది ఆకులు రాలడం చూసి టెన్షన్ పడి బకెట్లకొద్దీ పోస్తారు. అలా చేస్తే పూత పోతుంది. బాగా ఎండ తగిలి, మట్టి కొంత ఆరినప్పుడే ఇది విరగబూస్తుంది. వారం వారం నీళ్లు, యూరియా ఇస్తే ఆకులతో తీగలు సాగుతాయి తప్ప రంగు కనిపించదు. మనం పూలనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే. మూడు రంగు ఆకుల మధ్య సన్నటి గొట్టంలా, చివర తెల్లగా ఉండేది అసలు పువ్వు. ఆ పువ్వు వాడినా రంగు ఆకులు చాలా రోజులు నిలుస్తాయి.

దీని బలహీనత వేళ్లలో ఉంది. సన్నగా, పెళుసుగా ఉంటాయి, నీళ్లు నిలిస్తే కుళ్లుతాయి. నర్సరీ కవరు విప్పేటప్పుడు కూడా మట్టి గడ్డ చెదరకుండా, కవరును బ్లేడుతో చీల్చి అలాగే గుంతలో దించాలి.

ఇప్పుడు మీ అంకె తీయండి. దేవరకొండ, మర్రిగూడ, అచ్చంపేట వైపు చల్క (ఎర్ర ఇసుక నేల), మొరం నేలల్లో గంటకు రెండంగుళాలకు పైగా దిగితే కాగితపు పువ్వు పెట్టండి, సందేహం వద్దు. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద, చుట్టూ వరి మడులున్న నల్లరేగడిలో అంగుళం కూడా దిగకపోతే గన్నేరు పెట్టండి. అక్కడ కాగితపు పువ్వే కావాలంటే అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ కట్టి దాని మీద నాటాలి, లేదా పెద్ద కుండీలో పెంచాలి. మధ్యస్తంగా దిగే నేలలో రెండూ వస్తాయి. అప్పుడు బోరు నీళ్లను చూసి తేల్చుకోండి.

నల్గొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పూల మొక్కల విషయంలో మాత్రం నేను ముందు ఉప్పు, సున్నం చూస్తాను. బకెట్ అంచున తెల్లటి పొర గట్టిగా పేరుకుంటుంటే ఆ నీళ్లకు గన్నేరే నయం. కాగితపు పువ్వు ఉప్పును కొంతవరకు ఓర్చుకుంటుంది. సున్నం ఎక్కువైతే మాత్రం లేత ఆకుల ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, వాటి మధ్యభాగం పసుపుగా మారుతుంది. అది ఇనుము అందని లక్షణం. అలాంటి చోట వాన నీళ్లు పట్టి పోయడం, పశువుల ఎరువు బాగా వేయడం మేలు.

నీళ్లు పోయడంలో రెండింటికీ మొదటి ఏడాది ఒకటే నియమం. వేళ్లు కిందికి దిగేదాకా ఏ మొక్కా కరువును తట్టుకోదు. పాదు చుట్టూ నాలుగంగుళాల లోతున పుల్ల గుచ్చి చూడండి. పొడిగా వస్తే ఒక బకెట్ నిదానంగా పోయండి, తడి మట్టి అంటుకుంటే ఆగండి. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయి. రెండో ఏడాది నుంచి గన్నేరుకు పుల్ల పొడిగా వచ్చినప్పుడు పోస్తే చాలు. కాగితపు పువ్వుకైతే పుల్ల చూడక్కర్లేదు, చిగురు కొద్దిగా వాలే దాకా ఆగి పొద్దున్నే పోయండి.

ఇక గన్నేరు గురించి అన్నింటికన్నా ముఖ్యమైన మాట. ఆకు, పువ్వు, బెరడు, వేరు, పాలు, అంతా విషమే. గుండె కొట్టుకునే తీరును దెబ్బతీసే విషం అది. కోసి పారేసిన రెమ్మలు ఎండినా విషం పోదు, పైగా పచ్చి ఆకును ముట్టని మేకలు, బర్రెలు ఎండినదాన్ని మేతతో కలిపి తినేయవచ్చు. కాబట్టి కత్తిరించిన కొమ్మలను దారి పక్కన వేయకండి, పొయ్యిలో పెట్టకండి, కంచెకు వాడకండి. గుంత తీసి పూడ్చండి. నోట్లో ప్రతిదీ పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లోనూ, పశువులు తిరిగే వాకిట్లోనూ నేను గన్నేరు పెట్టమని చెప్పను, నేల ఎంత అనుకూలంగా ఉన్నా సరే. శివుడి పూజకు పూలు కావాలంటే పెరట్లో, చేతికందని మూల ఒక మొక్క చాలు, కోశాక చేతులు కడుక్కోవాలి. ఎవరైనా నమిలారని అనుమానం వస్తే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాగితపు పువ్వుతో ఇబ్బంది ముళ్లే. గేటు దగ్గర, బండి నిలిపే చోట వద్దు. ప్రహరీ గోడ మీదికి పాకిస్తే మాత్రం అదే కాపలా.

కత్తిరింపు గురించి ఒక్క మాట. రెండూ కొత్త చిగుళ్ల మీదే పూస్తాయి. కాగితపు పువ్వుకు ఒక విడత పూత రాలిపోగానే కొమ్మల చివర్లు కత్తిరించండి. గన్నేరును వానలు మొదలైనప్పుడు ఏడాదికోసారి కత్తిరిస్తే చాలు, అస్తమానం కంచెలా కత్తిరిస్తుంటే మొగ్గలన్నీ పోతాయి. గన్నేరు లేత చిగుళ్ల మీద పసుపు రంగు పేనుబంక పడుతుంది. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి కడిగేస్తే సరిపోతుంది.

వచ్చే పాఠానికి ఈ పని చేసి ఉంచండి. వానలు పడ్డాక రెండు మొక్కల నుంచీ పెన్సిలంత లావు, ఏడెనిమిది అంగుళాల కొమ్మలు నాలుగేసి తీసుకోండి. గన్నేరుకు చేతి తొడుగులు తప్పనిసరి. కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా ఇసుక, ఎర్రమట్టి సమంగా కలిపిన కవర్లలో గుచ్చి నీడన పెట్టండి. గన్నేరు కొమ్మ ఒకటి నీళ్ల సీసాలో కూడా వేసి చూడండి, వేళ్లు అందులోనే వస్తాయి. దేనికి ముందు చిగురొచ్చిందో, ఏ కొమ్మ నల్లబడిందో తేదీలతో రాసుకోండి. నాలుగో పాఠంలో అవి చూసుకుంటూ అంటు కట్టడం మొదలుపెడదాం.